జ్వరమని రాసిన బాలింత చావులు

(బేస్తవారిపేటలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నిధుల లెక్కల మీద మాట్లాడమని పిలిచారు. లెక్కల మీదే మాట్లాడతాను. అయితే ఈసారి బడ్జెట్ పుస్తకం పక్కన పెడదాం. వందేళ్ల కిందట మన కంభం, మార్కాపురం తాలూకాల్లో కాన్పులకు, పసిపిల్లలకు సర్కారు ఏం చేసింది, ఏం చెయ్యకుండా వదిలేసింది అన్న లెక్క తీద్దాం. ముందు వరుసలో ఏఎన్ఎం అక్కలు, ఆశా అక్కలు కూర్చున్నారు. నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి.

మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. మా జేజమ్మకు ఆరేడేళ్ల వయసున్నప్పుడు, సుమారు 1938లో, వాళ్లమ్మకు తమ్ముడు పుట్టాడు. కాన్పు బాగానే అయింది. నాలుగో రోజు నుంచి ఒళ్లు కాలిపోవడం మొదలైంది. కషాయాలు పోశారు, తాయెత్తు కట్టారు, కంభం నుంచి మందు తెచ్చారు. తొమ్మిదో రోజు పోయింది. తర్వాత నెల తిరక్కుండా ఆ పసివాడూ పోయాడు. ఊరి తలారి వచ్చి, మైల ఇల్లు కాబట్టి వాకిలి బయటే నిలబడి, 'ఏం జబ్బు?' అని అడిగాడట. మా జేజమ్మ నాయన 'జ్వరం' అన్నాడు. తలారి వెళ్లి మునసబుకు చెప్పాడు. అంతే. ఒక తల్లి చావు ఒక్క మాటలో తేలిపోయింది. జేజమ్మ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ఇంకో మాట కూడా అనేది. పురుడు పోసిన మంత్రసాని వేపచెట్టు కింద కూర్చుని ఏడుస్తోందని, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదని.

ఆ 'జ్వరం' అన్న మాట పట్టుకుని నేను పాత సంగతులు తిరగెయ్యడం మొదలుపెట్టాను.

మద్రాసు రాష్ట్రంలో జనన మరణాలు నమోదు చెయ్యడానికి 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ పని గ్రామాధికారుల మీద పడింది. మునసబు రాసేవాడు, తాలూకా కచేరీకి పంపేవాడు, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మద్రాసుకు పోయేది. చావు కారణాలకు కొన్ని గళ్లు ఉండేవి. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాస జబ్బులు, దెబ్బలు, ఇతర కారణాలు. ఈ దేశంలో ఏటేటా అన్నిటికంటే పెద్ద అంకె పడింది 'జ్వరాలు' అన్న గడిలోనే. మలేరియా అందులోనే, టైఫాయిడ్ అందులోనే. మా ముత్తవ్వ కూడా అందులోనే. మునసబు అబద్ధం రాయలేదు. ఒళ్లు కాలింది నిజమే కదా. కానీ అది పురిటి తర్వాత గర్భసంచిలో చీము పట్టి వచ్చిన జ్వరం. దోమ కుడితే వచ్చిన జ్వరంతో కలిపి కూడితే, బాలింతలు ఎంతమంది పోతున్నారో మద్రాసులో కూర్చున్న దొరకు తెలిసే వీలే లేదు. తెలియని దానికి ఖర్చు రాయరు. ఉద్యోగులకు ఈ సూత్రం నేను చెప్పక్కర్లేదు. ఫైలులో లేని సమస్యకు హెడ్ ఆఫ్ అకౌంట్ ఉండదు.

మన తాలూకాలకు ఇంకో బాధ కూడా ఉంది. నల్లమల అంచున ఉన్న పల్లెలకు మలేరియా కొత్త కాదు. చూలాలికి మలేరియా వస్తే రక్తం విరిగిపోతుంది, బిడ్డ తూకం తగ్గుతుంది, కాన్పులో కొద్దిపాటి రక్తస్రావానికే మనిషి దక్కదు. ఇక్కడ ఒక్కో చావుకు రెండు కారణాలుంటే, రెండూ ఒకే గడిలో పడేవి.

ఇక కాన్పు చేసేదెవరు? మంత్రసాని. మన వైపు ఎక్కువగా మంగలి కులపు స్త్రీలు, మాల మాదిగ స్త్రీలు ఆ పని చేసేవాళ్లు. బొడ్డు కోసేది ఆమె, మాయ పూడ్చేది ఆమె, మైలగుడ్డలు ఉతికేది ఆమె. కూలి కింద కొన్ని గింజలు, ఒక పాత చీర. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక అదే ఇంటి గడప లోపలికి ఆమెను రానివ్వరు. ఇంత పని చేసిన ఈ మనిషిని ఆనాటి ఇంగ్లీషు రిపోర్టులు ఎట్లా రాశాయో చదివితే కడుపు మండుతుంది. మురికిది, మొండిది, మూఢురాలు, దేశంలో బాలింతల చావులన్నిటికీ కారణం ఈమే అన్నట్టు రాశారు. మన చదువుకున్న పెద్దమనుషులు కూడా అదే పాట పాడారు.

ఆమె చేతుల్లో తప్పు లేదని నేను అనను. ఇంట్లో ఉన్న కొడవలితోనో, చీల్చిన వెదురు బద్దతోనో బొడ్డు కోసేవాళ్లు. దానిమీద బూడిద, పేడ పెట్టే ఊళ్లు కూడా ఉండేవి. ధనుర్వాతం సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. వారం తిరక్కుండా బిడ్డ పాలు పట్టడం మానేసి, దవడ బిగుసుకుని, విల్లులా వంగి పోయేది. పక్షి దోషం అని, గాలి సోకిందని చెప్పుకుని ఏడ్చేవాళ్లు. కత్తిని నీళ్లలో మరగబెడితే ఆగే చావు అది.

కానీ ఈ తప్పు పల్లె మంత్రసానిదొక్కదానిదేనా? వియన్నాలో 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టాడు. శవాలను కోసిన చేతులతోనే వచ్చి వైద్య విద్యార్థులు కాన్పులు చేస్తున్నారు, అందుకే వాళ్ల వార్డులో బాలింతలు పోతున్నారని. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. చావులు ఒక్కసారిగా పడిపోయాయి. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు, ఆయన్నే తరిమారు. యూరప్ పెద్ద డాక్టర్లే చేతులు కడగడానికి అంత గింజుకున్నప్పుడు, ఎవరూ చెప్పని సంగతి మన పల్లె మంత్రసానికి తెలియలేదని తిట్టడం ఏం న్యాయం? చెప్పాల్సిన వాళ్లెవరు? చెప్పడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదా?

డబ్బు ఉంది. అది మన డబ్బే. 1871లో లోకల్ ఫండ్ చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. భూమి శిస్తుతో పాటు రూపాయికి అణా దాకా సెస్సు వసూలు చేసేవాళ్లు. రోడ్లు, బడులు, ఆస్పత్రులు, టీకాలు అన్నీ ఆ డబ్బుతోనే జరగాలి. వరి మడి ఉన్నవాడూ కట్టాడు, మన మెట్ట చేను వాడూ కట్టాడు. ఆ లోకల్ ఫండ్ నుంచే తాలూకా కేంద్రాల్లో డిస్పెన్సరీలు నడిచాయి. శిక్షణ పొందిన మంత్రసానులకు జీతం ఇచ్చే పద్ధతి కూడా ఈ రాష్ట్రంలో ఆ ఫండ్ నుంచే మొదలైంది.

అయితే ఆ శిక్షణ ఎక్కడ? మద్రాసు ఎగ్మూరులో. అక్కడి కాన్పుల ఆస్పత్రి 1844లో పెట్టింది. దేశంలోనే పాతవాటిలో ఒకటి. గొప్ప ఆస్పత్రే. కానీ నల్లమల కింద పల్లెలో పురుడు పోసే మనిషి ఇల్లు, పిల్లలు, కూలి వదిలి, భాష రాని ఊరికి పోయి నెలల తరబడి ఎట్లా ఉంటుంది? పోయి నేర్చుకున్న కొద్దిమందీ పట్నంలోనే ఆగిపోయారు. తాలూకా డిస్పెన్సరీలో ఉన్న డాక్టరు మగవాడు. ఆడవాళ్లు ఆయన గడప తొక్కరు. మరీ ప్రాణం మీదికి వస్తే మొగుడు పోయి లక్షణాలు చెప్పి సీసాలో మందు తెచ్చేవాడు. మా ముత్తవ్వకు కంభం నుంచి తెచ్చిన మందు అట్లాంటిదే అయ్యుంటుంది.

ఇక్కడ పాలకుల తెలివి చూడండి. ఆడవాళ్ల వైద్యం అనేసరికి అది సర్కారు బాధ్యత కాకుండా దొరసానుల దయ కిందికి మారిపోయింది. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున ఫండ్. 1903 నాటికి లేడీ కర్జన్ చొరవతో మంత్రసానుల శిక్షణకు విక్టోరియా స్మారక ఫండ్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లేడీ చెమ్స్‌ఫర్డ్ పేరున తల్లీబిడ్డల సంక్షేమ లీగు. వైస్రాయి మారితే భార్య మారుతుంది, భార్య మారితే ఫండ్ మారుతుంది. జమీందార్లు బిరుదుల కోసం చందాలు ఇచ్చేవాళ్లు. మంచి జరగలేదని కాదు. ఆస్పత్రులు లేచాయి, ఆడ డాక్టర్లు వచ్చారు. మద్రాసులో మేరీ షార్లీబ్ అనే డాక్టరు 1885లో ఘోషా స్త్రీలకు ఆస్పత్రి పెట్టింది. ఇవన్నీ నగరాల్లో. చందా ఎక్కడ పుడుతుందో ఆస్పత్రి అక్కడే పుడుతుంది. కంభం తాలూకాలో చందా ఇచ్చే రాజా ఎవరు?

అదే ఏలికలు సొంత దేశంలో ఏం చేసుకున్నారు? 1899లో మొదలైన బోయర్ యుద్ధానికి సైనికులను ఎంచుకునేటప్పుడు, వచ్చిన కుర్రాళ్లలో చాలామంది ఒంట్లో శక్తి లేక పనికిరాకుండా పోయారు. ఇంగ్లండు ఉలిక్కిపడింది. 1902లో మంత్రసానుల చట్టం చేసుకుంది. 1907లో బిడ్డ పుట్టిన వెంటనే ఆరోగ్యాధికారికి కబురు చెయ్యాలని చట్టం. 1918లో ప్రసూతి, శిశు సంక్షేమ చట్టం. మనకు? నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో. స్థానిక సంస్థలు తల్లీబిడ్డల సంక్షేమం చూసి తీరాలని చెప్పిన మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో. ఒకదానికి 24 ఏళ్లు, ఇంకోదానికి 21 ఏళ్ల ఆలస్యం. ఒక తరం ఆడవాళ్లు ఆ సందులో పోయారు.

సర్కారు రాని చోటికి మిషన్ వాళ్లు వచ్చారు. ఈ మాట చెప్పడానికి కొందరికి నోరు రాదు, నేను చెబుతాను. అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆస్పత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. నెల్లూరులో బాప్టిస్టు మిషన్ ఆడవాళ్లకు, పిల్లలకు ఆస్పత్రి పెట్టింది. కంభం, మార్కాపురంలో కూడా ఆ మిషన్ స్టేషన్లు ఉండేవి. వాళ్ల లక్ష్యం మత ప్రచారం, అందులో దాపరికం లేదు. కానీ దళితుల ఆడపిల్లలకు చదువు చెప్పి, తెల్ల బట్టలు తొడిగి, నర్సును చేసింది వాళ్లే. బొడ్డు కోసినందుకు గింజలు పడేసి గడప బయట నిలబెట్టిన ఊరే, అదే పని చేసిన ఆ తల్లి మనవరాలిని 'నర్సమ్మా' అని లోపలికి పిలిచింది. ఇది చిన్న మార్పు కాదు. ఇంగ్లీషు మందు కంటే ఇది పెద్ద మందు అని నాకనిపిస్తుంది.

గుంతకల్లు నుంచి గుంటూరుకు మీటర్ గేజ్ రైలు అప్పటికే మన కంభం మీదుగా పోతోంది కదా, గుంటూరు పోవచ్చు కదా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. పోవచ్చు తమ్ముడూ. నొప్పులు రైలు టైము చూసుకుని రావు. అడ్డం తిరిగిన బిడ్డతో ఉన్న ఆడమనిషిని ఎద్దుల బండి మీద స్టేషన్‌కు చేర్చేసరికే తెల్లవారుతుంది.

1919 సంస్కరణలతో వైద్యం, ప్రజారోగ్యం మన మంత్రుల చేతికొచ్చాయి. 1920లో కొత్త స్థానిక బోర్డుల చట్టం. పానగల్ రాజా ప్రభుత్వం 1924 ప్రాంతంలో పల్లెల్లో స్థిరపడే డాక్టరుకు సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చింది. జిల్లాలకు హెల్త్ ఆఫీసర్లు వచ్చారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టి ఆడవాళ్ల, పిల్లల ఆరోగ్యం గురించి గట్టిగా అడిగింది. అడిగేవాళ్లు లోపల ఉంటే ఎంత తేడానో ఆ పదేళ్లే సాక్ష్యం. పట్నాల్లో శిశు వారోత్సవాలు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. బొద్దుగా ఉన్న బిడ్డకు బహుమతి! ఇంట్లో పాడి ఉన్న ఆఫీసరు గారి బిడ్డతో గొడ్ల కాపరి బిడ్డను తూకం వేస్తే ఎవరికి బహుమతి వస్తుందో వేరే చెప్పాలా? అయినా ఒక మేలు జరిగింది. బిడ్డను తూకం వెయ్యాలన్న ఆలోచన జనంలోకి వచ్చింది.

మన దురదృష్టం ఏమంటే, సరిగ్గా పుంజుకునే వేళకు 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి, ఇక్కడ కాసేపు ఆగుతాను. తాలూకా బోర్డు అంటే ఎంత చెడ్డదైనా కంభంలో కూర్చునేది. మన వాడు ఎద్దుల బండి కట్టుకుని పోయి 'మంత్రసాని పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది?' అని అడిగి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అది పోయాక దిక్కు కర్నూలులోని జిల్లా బోర్డు. మనకూ కర్నూలుకూ మధ్య నల్లమల కొండ. నంది కనుమ దాటి నంద్యాల, అక్కడి నుంచి ఇంకా ముందుకు. రైల్లో పోయినా డోన్‌లో బండి మారాలి. కొండకు అవతల కూర్చున్న బోర్డుకు ఇవతల పల్లెలో బాలింత మూలుగు వినపడుతుందా? సెస్సు మాత్రం కొండ దాటి ఠంచనుగా పోయేది. 1939లో రాజాజీ మంత్రివర్గం కాలంలో వచ్చిన చట్టం 'స్థానిక సంస్థ చేసి తీరాలి' అంది. చట్టం మంచిది, దేశంలోనే ముందు వచ్చింది. చెయ్యాల్సిన స్థానిక సంస్థ అయిదేళ్ల ముందే స్థానికంగా లేకుండా పోయింది. ఆ ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, మంత్రివర్గం రాజీనామా చేసింది.

1946లో భోర్ కమిటీ దేశం మొత్తం లెక్క బయటపెట్టింది. 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోయినవాళ్లు 162 మంది. ఇంగ్లండులో అదే ఏడు 58. ప్రతి వెయ్యి కాన్పులకు 20 మంది తల్లులు పోతున్నారని, ఏటా రెండు లక్షల మంది అని అంచనా వేసింది. అర్హత ఉన్న మంత్రసానులు దేశం మొత్తానికి 5,000 మంది. అంటే 60,000 జనాభాకు ఒకరు.

మా ముత్తవ్వ సంగతి మళ్లీ ఒకసారి. ఆమె పోవడానికి రెండేళ్ల ముందు, 1936లో, లండన్‌లో క్వీన్ షార్లెట్ ఆస్పత్రిలో కోల్‌బ్రూక్ అనే డాక్టరు బాలింత జ్వరానికి సల్ఫా రకం మందు ఇచ్చి చూశాడు. చావులు బాగా తగ్గిపోయాయి. మందు ఉంది. లోకానికి తెలుసు. కంభం సీసాలో మాత్రం అది లేదు. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి కథ మీకు తెలిసిందే, తొందరగా చెబుతాను. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడి మనల్ని కర్నూలు నుంచి తీసి ఒంగోలుకు కట్టారు. దిక్కు మారింది, దూరం మిగిలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి, ధనుర్వాతం సూదులు వచ్చాయి, 2005లో 108 బండి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 45. భోర్ చెప్పిన అంకెను లక్షకు మారిస్తే 2,000. ఈ ఘనత ఏ నాయకుడిదీ కాదు. ఎండలో పల్లె పల్లె తిరిగిన ఏఎన్ఎంలది, ఆశాలది. అయితే అదే సర్వేలో గర్భిణులలో సగం మందికి పైగా, 53.7 శాతం మందికి, రక్తహీనత. కాన్పుల్లో 42 శాతం ఆపరేషన్లు. వందేళ్ల కిందట కత్తి దొరక్క పోయారు, ఇప్పుడు కత్తి అవసరం ఉన్నా లేకున్నా దిగుతోంది.

మా చిన్నమ్మ కూతురి కాన్పుకు నేనూ వెంట పోయాను. ఒక ఆస్పత్రిలో రక్తం లేదన్నారు, ఇంకో ఆస్పత్రిలో మత్తు డాక్టరు సెలవన్నారు. చీటీ మీద 'రిఫర్' అని రాశారు. మూడో ఊరికి పోయే దారిలో బండిలోనే బిడ్డ పుట్టింది. ఇద్దరూ బతికారు, బండిలో ఉన్న టెక్నీషియన్ పుణ్యం. ఆ చీటీ మీద 'రిఫర్' అన్న మాట చూసినప్పుడు నాకు మునసబు రాసిన 'జ్వరం' గుర్తొచ్చింది. రెండూ అబద్ధం కాదు. రెండింటిలోనూ అసలు సంగతి లేదు. ఎందుకు రక్తం లేదు, ఎందుకు డాక్టరు లేడు, ఆ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ? ఆ చీటీలో దానికి గడి లేదు.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీ ఇళ్లలో ఎనభై దాటిన అవ్వలు ఇంకా ఉన్నారు. ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికారు, పురుడు పోసింది ఎవరు, ఏం ఇచ్చారు అని అడిగి రాసుకోండి. మంత్రసాని పేరు తప్పకుండా రాయండి. తాలూకా కచేరీ పాత జనన మరణ రిజిస్టర్లు ఎక్కడైనా చెదలు పట్టకుండా మిగిలుంటే, దరఖాస్తు పెట్టి చూడండి.

ఉద్యోగులకు, ముఖ్యంగా ఏఎన్ఎం అక్కలకు ఇంకో మాట. ఇప్పుడు ఎక్కడ తల్లి చనిపోయినా దాని మీద సమీక్ష జరగాలి, ఇంటికి పోయి కుటుంబాన్ని అడిగి ఫారం నింపాలి. తలారి వాకిట్లో నిలబడి అడిగిన ఒక్క ప్రశ్న స్థానంలో ఇప్పుడు పేజీల కొద్దీ ప్రశ్నలున్నాయి. ఎన్ని గంటలకు బయల్దేరారు, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆస్పత్రిలో ఎంతసేపు ఆపారు, అన్నీ. పైవాళ్లు తొందర పెడతారు, కొన్ని గడులు ఖాళీగా వదిలెయ్యమంటారు. వదలొద్దు. ఇంటి మగవాళ్లను అడిగి లేచి రావొద్దు. ఆ రాత్రి ఆమె పక్కన ఉన్న ఆడమనిషి ఎవరో కనుక్కుని, ఆమె చెట్టు కింద కూర్చుని ఉన్నా సరే, పోయి పక్కన కూర్చుని అడగండి.